గార్డు ఉందిలే

9 జూన్ 2002, ఆదివారం

ఇవాళ బండికి లెగ్ గార్డు వేయించాను.

సెకండ్ హ్యాండ్ బండి. కొని మూడు నెలలైంది. పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ అంటే మడకశిర చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరగాలి. పదేళ్లు టీకాల బాక్సు సైకిల్‌కు కట్టుకుని తిరిగాను. బండి వచ్చాక ఇంకా నెమ్మదిగా తిరుగుతున్నాను. ముప్పై దాటను. లారీ హారన్ కొడితే రోడ్డు దిగి నిలబడతాను. డాక్టరు గారు నవ్వుతారు. రాఘవేంద్రా, నీకంటే నీ సైకిలే నయం కదయ్యా అంటారు.

ఈ భయం ఊరికే రాలేదు. పోయిన ఏడాది మా అటెండర్ లింగన్న బండితో సహా పడ్డాడు. ఇంజన్ కింద కాలు ఇరుక్కుపోయింది. నలుగురం ఎత్తితే గానీ బయటికి రాలేదు. ఇప్పటికీ ఆ కాలు ఈడుస్తాడు. కిక్ కొట్టినప్పుడల్లా ఆ కాలే గుర్తొస్తుంది.

హిందూపురం రోడ్డులో వెల్డింగ్ షాపు వీరప్ప పైపు వంచి స్వయంగా చేశాడు. ఇంజన్ ముందు ఫ్రేముకు క్లాంపులు వేసి బోల్టులు బిగించాడు. బిగించాక బండిని పక్కకు వాల్చి చూపించాడు. పైపు నేలకు ఆని బండి సగంలో ఆగిపోయింది. కింద కాలు పట్టేంత సందు మిగిలింది. "ఈ సందులోనే నీ కాలు బతికేది సార్" అన్నాడు.

వెనక చక్రం చూసి, పాత ఓనరు చీర గార్డు పీకేసినట్టున్నాడే, అమ్మగారు కూర్చుంటారు కదా, అదీ ఫుట్‌రెస్టూ వేసేదా అని అడిగాడు. ఎండ మాడుస్తోంది. తర్వాత చూద్దామన్నాను.

నాగలక్ష్మి గుమ్మంలో నిలబడి, బండికి ఈ కొమ్ములేంటి అంది. నా భార్యకు ఏదీ మొదటి చూపులో నచ్చదు.

20 జూన్

పడ్డాను. సంతోషంగా రాస్తున్నాను.

అగళి దారిలో ఇసుక. ముందు చక్రం జారింది. బండి ఎడమ పక్కకు ఒరిగింది, గార్డు నేలకు ఆనింది, నా కాలు ఆ సందులో చల్లగా ఉంది. వీరప్ప చూపించినట్టే. లేచి బండి నిలబెట్టి, ప్యాంటు దులుపుకుని పోయాను. గార్డు మీద రంగు వేలెడంత పోయింది. అంతే.

దారి పొడుగునా నవ్వు వస్తూనే ఉంది. నలభై ఏళ్ల వాణ్ణి.

27 జూన్

ఇవాళ స్పీడు అరవై.

3 జూలై

వానల జాడ లేదు. వేరుశనగ విత్తనాలు ఇళ్లలోనే ఉన్నాయి. గొర్రెలకు చిటుకు రోగం టీకాలు నడుస్తున్నాయి. రోజుకు నాలుగు ఊళ్లు పూర్తి చేస్తున్నాను. ఇదివరకు రెండే. సుడిగాలిలా తిరుగుతున్నావే అన్నారు డాక్టరు గారు.

ఎర్రన్న మందకు కూడా టీకాలు వేశాను. నాగలక్ష్మి పుట్టింటి ఊరి గొర్రెల కాపరి. నూటికి పైగా గొర్రెలు. ఒక్కొక్క దాన్నీ మోకాళ్ల మధ్య పట్టుకుని నిలబెడతాడు. మాట తక్కువ. గొర్రెలకు కాలు విరిగితే వెదురు బద్దలతో తనే కట్టేస్తాడు, మా దగ్గరికి తేడు.

సాయంత్రం నాగలక్ష్మిని వెనక కూర్చోబెట్టుకుని బజారుకు వెళ్లాను. నిదానంగా పో అంది. గార్డు ఉందిలే అన్నాను. ఈ మధ్య ఈ మాట తరచుగా అంటున్నాను.

8 జూలై, సోమవారం, ఉదయం 6. హిందూపురం, ఆసుపత్రి వరండా

నిన్న సాయంత్రం అత్తగారి ఊరికి పోతుంటే గొర్రెలు అడ్డం వచ్చాయి. బండి పడింది. నాగలక్ష్మి ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. నాకేమీ కాలేదు.

10 జూలై

మొన్న రాసింది అబద్ధం.

ఈ నోటుబుక్కు ఎవరూ చదవరు. బీరువాలో నా చొక్కాల కింద ఉంటుంది. ఇందులో కూడా అబద్ధం రాశాను. అందుకని మళ్లీ రాస్తున్నాను.

గొర్రెలు రోడ్డు మీదికి రాలేదు. అవి రోడ్డుకు చాలా దూరంగా, చింతచెట్టు నీడలో తలలు కలుపుకుని నిలబడి ఉన్నాయి. ఎర్రన్న చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని ఉన్నాడు. మోరీ దగ్గర మలుపు. మలుపులో కంకర. నేను అరవై ఐదులో ఉన్నాను. నాగలక్ష్మి రెండుసార్లు నిదానం అంది. రెండోసారి నా చొక్కా పట్టుకుని లాగింది. నేను ఏమన్నానో రాయనక్కర్లేదు.

బండి ఎడమ పక్కకు పడి జారింది. ఆమె చీరలో ఒక పక్కకు కూర్చుంది. రెండు కాళ్లూ ఎడమ వైపే. ముందు గార్డు ఉంది, నా కాలు దాని సందులో భద్రంగా ఉంది. వెనక ఏమీ లేదు.

ఇది కూడా కాదు నేను రాయాల్సింది.

నేను లేచాను. లేచి బండిని పైకి ఎత్తాను. స్టాండ్ వేశాను. పెట్రోల్ కారుతోందని నాబ్ తిప్పాను. ట్యాంకు మీద చెయ్యి పెట్టి చూశాను, సొట్ట లేదు. హెడ్‌లైట్ పగల్లేదు. "ఏమీ కాలేదు" అని పైకే అన్నాను. తృప్తిగా అన్నాను. అప్పుడు తిరిగి చూశాను.

నాగలక్ష్మి కంకరలో పడి ఉంది. పాదం తప్పు దిక్కుకు తిరిగి ఉంది. అరవడం లేదు. నన్నే చూస్తోంది. మొదటి నుంచీ చూస్తూనే ఉందనుకుంటాను.

నాకంటే ముందు ఎర్రన్న ఆమె దగ్గరికి చేరాడు. అంత దూరం నుంచి పరుగెత్తి వచ్చాడు. నేను మూడు అడుగుల దూరంలో ఉన్నాను. అతను చేతికర్రను మోకాలికి వేసి రెండు ముక్కలు చేశాడు. తలగుడ్డ చింపి కాలికి అటొక ముక్క ఇటొక ముక్క పెట్టి కట్టాడు. "కదలొద్దు తల్లీ, కదలొద్దు" అంటూనే ఉన్నాడు. టెంపో ఆపింది అతనే. ఎత్తింది అతనే. ఆ కట్టు చూసి ఆసుపత్రిలో ఎవరు కట్టారు, బాగా కట్టారే అన్నారు.

నేను చీటీ తీసుకుని మందుల షాపుకు పోయాను.

ఆ రాత్రి ఆసుపత్రికి బావ వచ్చాడు. నాగలక్ష్మి అన్న విష్ణువర్ధన్. ఊళ్లో పెద్దమనిషి. ఎట్లయింది బావా అని అడిగాడు. గొర్రెలు అడ్డమొచ్చాయన్నాను. ఆలోచించి చెప్పింది కాదు. నోరు దానంతటదే అంది. ఎవరివి అన్నాడు. నా కళ్ల ముందు ఒకే మనిషి ఉన్నాడు. ఎర్రన్నవి అన్నాను.

నాగలక్ష్మి మంచం మీద మెలకువగానే ఉంది.

14 జూలై, ఆదివారం

ఇంటికి తెచ్చాము. తొడ దాకా సిమెంటు కట్టు. మూడు నెలలంట.

బావ పళ్లు పట్టుకుని వచ్చాడు. ఎర్రన్న సంగతి చూశానని చెప్పాడు. గొర్రెలకు నీళ్లు పెట్టడానికి బోరు దగ్గరికి వచ్చినప్పుడు అందరి ముందూ పిలిచి రెండు పీకాడట. ఇకమీదట నా తొట్టి దగ్గరికి నీ గొర్రె మూతి రాకూడదన్నాడట. ఈ ఎండల్లో ఆ చుట్టుపక్కల ఎండిపోని బోరు బావదొక్కటే.

అతను ఏమన్నాడు అని అడిగాను.

ఏమీ అనలేదంట. చెంప పట్టుకుని నిలబడ్డాడంట. తప్పు చేసినోడు ఏమంటాడు అన్నాడు బావ.

నేను కాఫీ తాగాను. నాగలక్ష్మి గోడ వైపు తిరిగింది. ఆ కట్టుతో తిరగడం చాలా కష్టం. అయినా తిరిగింది.

15 జూలై

ఆమె నాతో అవసరమైన మాటలన్నీ మాట్లాడుతుంది. నీళ్లు. దిండు. కిటికీ తెరువు. ఆ సాయంత్రం గురించి ఒక్క మాట లేదు. తిడితే బాగుండు.

23 జూలై

ఎర్రన్న ఆసుపత్రికి వచ్చాడు. రెండు గొర్రెపిల్లల్ని చెరో భుజం మీద వేసుకుని. కడుపులు ఉబ్బి ఉన్నాయి. క్వారీ గుంటలో నీళ్లు తాగాయట. ఆ నీళ్లు పచ్చగా ఉంటాయి, అందరికీ తెలుసు. డాక్టరు గారు కేకలేశారు. బోరు తొట్టి పెట్టుకుని క్వారీకి ఎందుకు తోలావయ్యా అన్నారు.

నేను సెలైన్ సీసా పట్టుకుని నిలబడి ఉన్నాను. ఎర్రన్న నా వైపు చూశాడు. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను.

"బోరు కాడ జనం జాస్తి సార్" అన్నాడు.

ఒక పిల్ల నా చేతుల్లోనే పోయింది. రెండోది బతకొచ్చు. పోతూ పోతూ నన్ను అడిగాడు, "అమ్మకు కాలు నొప్పి తగ్గిందా అప్పా?"

తగ్గుతోందన్నాను. అతను, కాదు, ఆయన తలూపి వెళ్లిపోయాడు. చేతిలో కర్ర లేదు.

24 జూలై

బావకు నిజం చెప్పలేదు.

29 జూలై

ఇవాళ కూడా చెప్పలేదు. బావ ఫోన్ చేశాడు. వాన గురించి మాట్లాడుకున్నాము.

4 ఆగస్టు, ఆదివారం

పొద్దున టీ ఇచ్చాను. తీసుకోలేదు.

"గొర్రెలు యాడుండె?" అంది.

చెప్పాను. చింతచెట్టు కింద.

"నాకు తెలుసు. నీకు తెలుసా ల్యాదా అని అడిగితి" అంది.

తర్వాత ఆమె మాట్లాడింది. నెల రోజుల మాటలు. అన్నకు నిజం చెప్తే ఆయన నన్ను కొడతాడని భయపడి ఆసుపత్రిలో నోరు మూసుకుందట. మొగుడి పరువు పోతుందనుకుందట. "నిన్ను కాపాడుకుంటి. ఆ మనిషిని కొట్టించినట్టయింది. నా కాలికి కట్టు కట్టినోన్ని. ఆ దెబ్బ దినామూ నాకు తగల్తాండాది."

నేను తల వంచుకున్నాను. తల వంచుకోవడం కూడా ఒక తప్పించుకోవడమే.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నేనే చెప్తానన్నాను. బండి సంగతి, నేను ముందు దేన్ని చూశానో ఆ సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తుతుందని చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

5 ఆగస్టు

వెళ్లాను. బోరు దగ్గర బావ ఉన్నాడు. చల్ల ఇచ్చారు. తాగాను. వచ్చేశాను.

చెప్పినావా అని నాగలక్ష్మి అడగలేదు. నా మొహం చూసి, దీపం ఆర్పేయమంది.

9 ఆగస్టు

ఎర్రన్న ఊళ్లో లేడు. మందను తోలుకుని, భార్య బయమ్మను వెంటబెట్టుకుని కర్ణాటక సరిహద్దు దాటి శిర వైపు పోయాడని లింగన్న చెప్పాడు. మామూలుగా దసరా దాటాక పోతారు. ఈసారి నీళ్ల కోసం ముందే పోయారట. దారిలో ఇంకా మూడు పిల్లలు చచ్చాయట.

11 ఆగస్టు, ఆదివారం

చెప్పాను.

వరుసగా రాస్తాను. కరెంటు పొద్దున రెండు గంటలే ఉంటుంది. ఆ టైములో ఊరు ఊరంతా బిందెలతో బావ బోరు దగ్గరే ఉంటుంది. అది తెలిసే వెళ్లాను. ఆయన ఒక్కడే ఉంటే మళ్లీ చల్ల తాగి వచ్చేస్తానని నాకు తెలుసు.

బండి దిగి, స్టాండ్ వేస్తూనే మొదలుపెట్టాను.

"బావా, ఎర్రన్న గొర్రెలు రోడ్డు మీదికి రాల్యా. నేనే జోరుగా పోయి పడితి. నీకు అబద్ధం చెప్తి."

పైపులో నీళ్లు పడుతున్న చప్పుడుకు ఆయనకు వినపడలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టం. రెండోసారి అందరికీ వినపడింది.

బావ నవ్వబోయాడు. "ఏం మాట్లాడతాండావు బావా? ఎండ తగిలిందా?" అని, దగ్గరికొచ్చి నా మోచెయ్యి పట్టుకుని గొంతు తగ్గించాడు. "లోపలికి రా. లోపల మాట్లాడుకుందాం."

లోపలికి పోతే ఈ మాట లోపలే ఉండిపోతుంది. కదల్లేదు.

"లోపలొద్దు బావా. నువ్వు ఆయప్పను కొట్టింది ఈడనే గదా."

బిందె ఎత్తుకోబోతున్న ఒక ముసలామె మళ్లీ దించింది. "అట్లయితే ఆ గొర్రెలాయప్ప ఊరికే తినెనా దెబ్బలు?" అంది. ఎవరినీ అడగలేదు. గాలిలోకి అంది.

బావ మొహం నల్లబడింది. "ఊరి ముందర కొట్టినాను రా వాన్ని. నీ మాట నమ్మి కొట్టినాను. ఇప్పుడు ఊరి ముందర నేనేం కావల్ల?"

పదహారేళ్లలో ఆయన నన్ను రా అనడం ఇదే మొదటిసారి. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన నన్ను ముట్టుకోలేదు. వెనక్కి తిరిగి బండిని కాలితో ఒక్క తన్ను తన్నాడు. బండి ఎడమ పక్కకు పడింది. గార్డు మీద వాలి ఆగింది. ఏమీ కాలేదు.

దాని వైపు చూడకూడదనుకున్నాను. చూశాను.

ఎవరో నవ్వారు. బావ లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. బండి ఎత్తడానికి ఎవరూ రాలేదు.

ఇంటికొచ్చి నాగలక్ష్మికి జరిగింది జరిగినట్టు చెప్పాను. చివరిదాకా విని, అన్నం తిన్నావా అంది.

18 ఆగస్టు, ఆదివారం

శిర ఇవతల ఒక ఎండిన చెరువులో ఎర్రన్న మంద దొరికింది. మూడు ఊళ్లలో అడిగి, వచ్చీ రాని కన్నడంలో అడిగి కనుక్కున్నాను. ముప్పై దాటకుండా పోయాను. ఇప్పుడు ముప్పైకి అర్థం లేదు, తెలుసు.

ఆయన కంబళి పరిచి కూర్చోమన్నాడు. నేను నిలబడే చెప్పాను. బోరు దగ్గర అందరి ముందూ నిజం చెప్పానని. క్షమించమని.

ఆయన పక్కకు పోతున్న గొర్రెను అదిలించాడు.

"నాకెందుకు చెప్తాండావప్పా? నేను ఆడనే ఉంటిని గదా" అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే అర్థం కానట్టు. తర్వాత పొయ్యి దగ్గర ఉన్న భార్యను చూపించి, "ఆ యమ్మకు చెప్పు. నేను నిద్రపోయి గొర్రెల్ని ఇడిసిపెడితినని అనుకుంటాండాది. నా మాట నమ్మల్యా. కాంపౌండర్ సారు అబద్ధమాడతాడా అనింది."

బయమ్మ కట్టెతో రాగి ముద్ద కెలుకుతోంది. ఎదురుగా గొంతుకూర్చుని చెప్పాను. గొర్రెలు రాలేదమ్మా, నీ మొగుడు నిద్రపోలేదు, నేను అబద్ధం చెప్పాను అని. ఆమె కట్టె ఆపలేదు. ఆపితే ముద్ద ఉండలు కడుతుంది.

కెలికి దించాక అడిగింది. "ఆ యమ్మ కాలు ఎట్లుండాది?"

అతుక్కుంటోందని చెప్పాను.

"నడుస్తాదా?"

నడుస్తుందన్నాను.

"అయితే సరే" అని, భర్త వైపు తిరిగి, "ముందే గట్టిగా చెప్పకూడదా, మూగోడా" అంది. ఆయన నేల మీద పుల్లతో గీతలు గీస్తూ కూర్చున్నాడు. ఆ గీతల్లో కొంచెం నవ్వు ఉందనిపించింది. నాకు అలా అనిపించాలని ఉండటం వల్ల కూడా కావచ్చు.

నాకూ ముద్ద పెట్టారు. తినలేకపోయాను. తినకపోతే తప్పని తిన్నాను.

పోయే ముందు ఇంకో సంగతి చెప్పాను. బావ నాతో మాట్లాడటం లేదు గానీ, లింగన్నతో కబురు పంపాడు. తొట్టి నింపిస్తాను, వస్తే రమ్మను అని. అంతకంటే ఒక్క మాట లేదు.

ఎర్రన్న చేతిలో పుల్ల పడేశాడు. "గొర్రెలు తాగుతాయిలే ఆ నీళ్లు. వాటికేం తెలుసు. నాకు గొంతు దిగొద్దా?" అన్నాడు. వాన పడితే వస్తాను, పడకపోతే రానన్నాడు.

చచ్చిపోయిన పిల్లలు ఎన్ని అని అడిగాను. ఆయన చెప్పలేదు. బయమ్మ చెప్పింది. తొమ్మిది.

25 ఆగస్టు

వీరప్ప దగ్గరికి వెళ్లి గార్డు పీకేయమన్నాను. స్పానర్ చేతిలోకి తీసుకుని, ఏమైందో చెప్పమన్నాడు. చెప్పాను. ఇప్పుడు ఎవరడిగినా చెప్తున్నాను. చెప్పినకొద్దీ సులువైపోతోంది. అదీ నాకు నచ్చడం లేదు.

వీరప్ప స్పానర్ పక్కన పెట్టేశాడు. "ఇనుము ఏం పాపం చేసింది సార్? దాని పని అది చేసింది" అన్నాడు. పీకనన్నాడు. వెనక చీర గార్డు, ఫుట్‌రెస్టు వేశాడు. మధ్యాహ్నం దాకా కూర్చుని వేయించుకున్నాను. ఎండ ఆ రోజు లాగే ఉంది.

నాగలక్ష్మి కిటికీలోంచి చూసింది.

22 సెప్టెంబర్

ఊళ్లో పిల్లలు నాకు పేరు పెట్టారు. గార్డు సారు. ఇవాళ టీకాలకు పోతే గోడ చాటు నుంచి అరిచారు. సిరంజిలో మందు ఎక్కించుకుంటూ, సమాధానంగా చెయ్యెత్తబోయాను.

9 అక్టోబర్

కట్టు విప్పారు. కాలు సన్నగా, తెల్లగా ఉంది. వేరే ఎవరి కాలో అన్నట్టుంది. గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేసింది. చెయ్యి ఇచ్చాను. పట్టుకుంది. గోడ అందగానే వదిలేసింది.

రాత్రి వాన పడింది. చాలదు. కానీ పడింది.

20 అక్టోబర్, ఆదివారం

నాగలక్ష్మి పుట్టింటికి బయల్దేరింది. అన్నతో తనే మాట్లాడుతుందట. ఎర్రన్న మంద తిరిగొచ్చిందని కూడా తెలిసింది, చూడాలంది. బండి తుడిచి వాకిట్లో పెట్టాను. ఆమె దాన్ని దాటుకుని, కర్ర పట్టుకుని బస్టాండుకు నడిచింది. బస్సు ఎక్కింది. వెనక కిటికీ పక్కన కూర్చుంది.

నేను బండి మీద బస్సు వెనకాలే పోయాను. రోడ్డు పనులు జరుగుతున్నాయి. ఎర్రటి దుమ్ము. రెండో స్టాపు దగ్గర బస్సు ఆగినప్పుడు ఆమె కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"ముందరికి పో. దుమ్ము తింటాండావు" అంది.

పోలేదు.